గుడారాల తోపు

“ఇదేనా?” అంది నిర్మలమ్మ, కారు దిగకుండానే.

పక్కన కూచున్న మహిత కిటికీ వైపే తిరిగి ఉంది. వడమాలపేట దాటినప్పటి నుంచీ తల్లీకూతుళ్ళ మధ్య మాటల్లేవు. పుత్తూరులో డ్రైవరు మునికుమార్ టీకని ఆపినప్పుడు కూడా చెరో కిటికీలోంచి చూస్తూ కూచున్నారు తప్ప, ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

“నిన్నే అడిగేది. మీ నాయన ఇల్లూ వాకిలీ వదిలిపెట్టి వచ్చింది ఈ చోటికేనా?”

“ఇదేమ్మా.”

నిర్మలమ్మ కిటికీ అద్దం దించింది. దుమ్మూ, పేడవాసనా కలిసి లోపలికొచ్చాయి. కార్వేటినగరం దాటి తారురోడ్డు వదిలాక, కొండవారన ఒక మామిడితోపు. చుట్టూ ముళ్ళకంచె. తారు డబ్బాలను సాగగొట్టి చేసిన రేకు గేటు. గేటు మీద తెలుగులోనూ అరవంలోనూ రాసిన బోర్డు.

‘హిల్ వ్యూ క్యాంపింగ్ గ్రౌండ్. ప్రక్రుతి ఒడిలో పసందైన విడిది.’

ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ పిల్లల నోటుపుస్తకాల్లో ఎర్రసిరాతో కొట్టేస్తూ వచ్చిన తప్పు అది. ప్రకృతిని అట్లా రాసిన పిల్లను బెంచీ ఎక్కించేది నిర్మలమ్మ.

“నాలుగు ముక్కలు రాయడం కూడా రాని చోటు,” అంది పెదవి విరిచి. “బాగుంది. మీ నాయనకు తగిన చోటే.”

నిన్న సాయంత్రం మహిత భయపడుతూ చూపించిన రంగుల కాగితంలో పచ్చటి కొండ ఉంది. కొండ మీంచి దూకుతున్న జలపాతం ఉంది. నీలంగా మెరిసే కొలనూ, దాని గట్టున తెల్లటి గుడారాలూ, వాటి ముందు నవ్వుతూ కూచున్న దొరల కుటుంబమూ ఉన్నాయి. అందులోంచి ఒక్కటంటే ఒక్కటి ఈ కంచె లోపలికి వచ్చిన జాడ లేదు.

వచ్చే ఆదివారం మహిత నిశ్చితార్థం. చిత్తూరు నుంచి వియ్యాలవారు వస్తారు. తిరుపతిలో నిర్మలమ్మ హెడ్మిస్ట్రెస్‌గా పనిచేసే బడిలో టీచర్లందరినీ పిలిచింది. జిల్లా విద్యాశాఖలో పెద్దవాళ్ళను ఇంటికి పోయి మరీ పిలిచింది. వంటవాళ్ళూ, మేళమూ అన్నీ కుదిరాయి. పిల్ల తండ్రే ఇంట్లో లేడు.

వియ్యాలవారు మాటలకు వచ్చి వెళ్ళిన మర్నాడు, వెంకటరమణ తెల్లవారి పాలు తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టి, చేతిసంచీ తగిలించుకుని గేటు దాటి పోయాడు. పది రోజులు దాటింది. ఎక్కడున్నాడో కూతురికి తెలుసన్న సంగతి నిన్న గానీ నిర్మలమ్మకు తెలియలేదు.

“దిగుదామా?” అంది మహిత.

“దిగక ఏం చేస్తాను? కారులోనే కూచుని మీ నాయనను దర్శనమివ్వమని మొక్కుకోమంటావా?”

ఇస్త్రీ మడత నలగని గంజి చీర కుచ్చిళ్ళు చేత్తో పైకి పట్టుకుని నిర్మలమ్మ కాలు కింద పెట్టింది. కాలు చీలమండ దాకా దుమ్ములో దిగింది.

అంతలో తోపులోంచి ఒక బొద్దుపాటి మనిషి పైపంచె ఎగరేసుకుంటూ, దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చాడు. గేటు తీయబోతే అది ఊడి చేతిలోకొచ్చింది. దాన్ని కంచెకు ఆనించి, ఏమీ జరగనట్టు రెండు చేతులూ జోడించాడు.

“రండమ్మా, రండి! నా పేరు దామోదరం. ఇదంతా మనదే. తిరుపతి నుంచేనా? గుడారం కావాల్నా, లేకుంటే పొద్దు గూకేదాకా ఉండి పోతారా?”

మహిత ఏదో చెప్పబోయింది. నిర్మలమ్మ ఆమె మోచేతి మీద చెయ్యి వేసి ఆపింది.

“ముందు చూస్తాం,” అంది. “చూడకుండా ఏదీ తీసుకునే అలవాటు లేదు నాకు.”

భర్త ఎంత కిందికి దిగాడో తన కళ్ళతో తానే చూడాలనిపించింది ఆమెకు. చూసి, మనసులో పెట్టుకుని, ఒక్కొక్కటే తీసి ఆయన ముందు పరచాలనిపించింది.

దామోదరం ముందు నడిచాడు. మామిడిచెట్ల నడుమ గుడారాలు వరసగా ఉన్నాయి. గుడారాలంటే ఏం లేదు, పెళ్ళిళ్ళకు వేసే షామియానా గుడ్డ. ఎరుపూ పసుపూ చారలు వెలిసిపోయి ఏ రంగో చెప్పలేని రంగుకు వచ్చాయి. ఒకదాని నెత్తిన ‘దామోదరం టెంట్ హౌస్, పుత్తూరు’ అన్న అక్షరాలు తలకిందులుగా కనిపిస్తున్నాయి. లోపల ఒక నులకమంచం, ఒక ప్లాస్టిక్ చెంబు, పైనుంచి వేలాడే బల్బు. బల్బులో వెలుగు లేదు.

“కరెంటు?”

“వస్తుందమ్మా. వచ్చేటప్పుడు వస్తుంది.”

“ఈ గుడ్డకు అన్నం, పులుసు మరకలున్నాయే?”

“అవి నగరిలో పెండ్లిలో అయినవమ్మా,” అన్నాడు దామోదరం సంబరంగా. “పెద్ద పెండ్లి. ఎంత ఉతికినా పోలేదు.”

నిర్మలమ్మ మంచం అంచును చిటికెనవేలితో తాకి, ఆ వేలిని చీరచెంగుతో తుడుచుకుంది.

“ఈత కొలను ఉందని రాశారు కదా.”

“ఉండాది. సూడండి, అదో.”

మోటారు పంపు పక్కన నీళ్ళ తొట్టి. నాచు పట్టి పచ్చగా ఉంది. దాంట్లో రెండు బాతులు, ఇక్కడికి తామెందుకు వచ్చామో తమకే తెలియనట్టు, కదలకుండా తేలుతున్నాయి.

“జలపాతం?”

దామోదరం కొండవైపు చెయ్యి చాపాడు. నల్లటి బండ మీద మసిగుడ్డతో తుడిచినట్టు ఒక తడిచార కనిపించింది. “వానలు లేవు గదమ్మా. రెండేండ్లుగా మబ్బు మొగం సూడలేదు. పడిందంటే మాత్రం తల్లీ, ఆ శబ్దానికి నిద్ర పట్టదు.”

“ఇప్పుడు పడుతోందా, నిద్ర?”

అతనికి ఎత్తిపొడుపు అర్థం కాలేదు. “సల్లంగా పడతాదమ్మా! మద్రాసోళ్ళు వస్తారు గదా, లేవమన్నా లేవరు. ముందైతే ఇట్ల లేదు. మా మేనేజరు సారు రాకముందు మీరు వచ్చుంటే నవ్విపోయుందురు.”

“ఇప్పుడు నవ్వడం లేదనుకుంటున్నారా?”

మహిత తల దించుకుంది. దామోదరం మాత్రం వంటకొట్టం వైపు దారి తీస్తూ మాటల జోరులో ఉన్నాడు. “సారు ఆర్టీసీలో పెద్ద పని చేసినాడు. నేను పిల్లోడిగా ఉన్నప్పుడు పుత్తూరు బండిలో ఆయనే కండక్టరు. ఆ పొద్దు నుంచీ తెలుసు. ఈడికొచ్చి నీళ్ళ లైను సరిచేయించినాడు. మరుగుదొడ్లకు తలుపులు పెట్టించినాడు. అంతకుముందు గోనెపట్టాలే. సాపాటుకు ఏళాపాళా లేకుండె. ఇప్పుడు గంట కొడితే అందరూ వచ్చి కూసుంటారు. పెద్ద మనిషమ్మా. ఒక్కరిని గట్టిగా ఒక మాటనడు. ఇంట్లోవాళ్ళు ఎంత పుణ్యం చేసుకున్నారో!”

నిర్మలమ్మ ఆగిపోయింది.

ఎండిన ఆకుల మీద గాలి గరగరమంది. ఆమె ముక్కుపుటాలు అదిరాయి.

మరుగుదొడ్లకు తలుపులు పెట్టించడమా? పగలూ రాత్రీ పక్కన కూచోబెట్టుకుని, డిపార్టుమెంటు పరీక్షలకు తాను పాఠాలు చెబితే, కండక్టరుగా చేరినవాడు ట్రాఫిక్ ఇన్స్పెక్టరుగా రిటైరయ్యాడు. పెళ్ళినాడు ‘టీచరమ్మకు కండక్టరా’ అని నవ్విన చుట్టాల నోళ్ళు మూయించడానికి ఆమెకు సగం జీవితం పట్టింది. మనిషిని చేశానని అనుకుంది. ఇప్పుడు ఆ మనిషి ఒక షామియానావాడి మామిడితోపులో మరుగుదొడ్లు చూసుకుంటున్నాడు. దానికి పెద్ద మనిషని పేరు.

“ఎక్కడున్నాడు మీ మేనేజరు?” అంది.

“అదో, ఆ పక్కన. మద్రాసు పిల్లకాయల్ని ఆడిస్తా ఉన్నాడు.”

వాళ్ళు వంటకొట్టం మూల తిరిగారు.

నరికి పడేసిన మామిడి మొద్దు మీద పిల్లలు ఒకరి వెనక ఒకరు బస్సులో సీట్లలాగా కూచున్నారు. ముందు కూచున్న అమ్మాయి చేతిలో పళ్ళెం, అది స్టీరింగు. పక్కన నిలబడ్డ మనిషి మోకాళ్ళ దాకా మడిచిన ప్యాంటూ, తలకు తువ్వాలూ, చంకలో ఒక సంచీ. మామిడాకులు ముక్కలుగా చింపి పిల్లల చేతుల్లో పెడుతున్నాడు.

“టికెట్, టికెట్! నారాయణవనం ఎవరు? దిగేవాళ్ళు ముందుకు రండి. ఏంమే పాపా, చిల్లర లేదా? దిగేటప్పుడు ఇస్తాలే. రైట్, రైట్!”

పిల్లలు పొర్లి పొర్లి నవ్వారు. వెంకటరమణా నవ్వాడు. పొట్ట కదిలేలా, కళ్ళు మూసుకుపోయేలా నవ్వాడు.

నిర్మలమ్మకు చెవులు వేడెక్కాయి. తాను ఇన్నేళ్ళూ ఎవరికీ కనబడకుండా మడిచి పెట్టెలో పెట్టి తాళం వేసిన కండక్టరు, ఇక్కడ ఎండలో, మద్రాసువాళ్ళ పిల్లల ముందు, ‘రైట్ రైట్’ అని అరుస్తున్నాడు.

“నాయనా!” అంది మహిత.

వెంకటరమణ ఇటు తిరిగాడు. ముందు కూతురిని చూశాడు, మొహం విప్పారింది. తర్వాత భార్యను చూశాడు. నవ్వు ఒక్కసారిగా పోలేదు, నెమ్మదిగా సర్దుకుంది. తలకున్న తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు.

“వచ్చినావా నిర్మలా,” అన్నాడు.

“బ్యాగు సర్దుకోండి. కారు బయట ఉంది.”

దామోదరం ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. విషయం తలకెక్కేసరికి నోరు తెరుచుకుంది. “అమ్మగారా! చెప్పనే లేదే సారూ… అమ్మా, మంచినీళ్ళు తెస్తా, కాదు, మజ్జిగ తెస్తా,” అంటూ కొట్టంలోకి మాయమయ్యాడు.

వెంకటరమణ ఒక ప్లాస్టిక్ కుర్చీని తువ్వాలుతో దులిపి భార్య వైపు జరిపాడు. ఆమె కూచోలేదు. ఆయన మొద్దు చివరన కూచున్నాడు. పిల్లలు దూరంగా జరిగి, ఇదింకో ఆటేమోనన్నట్టు చూస్తూ నిలబడ్డారు.



“సర్దుకోమన్నాను.”

“విన్నాను.”

“ఆదివారం నిశ్చితార్థం. తెలుసా, మరిచిపోయారా?”

“కూతురిది, ఎట్ల మరిచిపోతా?” అన్నాడు. “పొద్దున్నే మొదటి బస్సుకు వస్తా. పీట మీద కూసుంటా. తాంబూలాలు మార్చుకుంటాం. సాయంత్రం బస్సుకు మళ్ళీ ఈడికి వచ్చేస్తా.”

“చుట్టంలాగానా?”

“ఇన్నాళ్ళూ ఉండింది అట్లే గదా.”

నిర్మలమ్మ చుట్టూ చూసింది, సాక్షులెవరైనా ఉన్నారా అన్నట్టు. బాతులు తప్ప ఎవరూ ఆమె వైపు లేరు. అవీ చూడటం లేదు.

“అంటే ఇంత మేడ కట్టించి, మీకు గదిచ్చి, ఫ్యాను కింద కూచోబెట్టి అన్నం పెడితే చుట్టమయ్యారు. ఈ పులుసు మరకల గుడ్డ కింద నులకమంచం మీద పడుకుంటే ఇంటివారయ్యారు. అంతేనా?”

“ఆ మంచం బాగానే ఉండాది.”

“మీకు బాగానే ఉంటుంది. మీకు ఏది బాగలేదు కనుక! నీళ్ళ తొట్టిని కొలను అంటే కొలను. తడిబండను జలపాతం అంటే జలపాతం. సిగ్గనేది ఒకటుండాలి మనిషికి. మీరు ట్రాఫిక్ ఇన్స్పెక్టరుగా రిటైరయ్యారండీ. ఇక్కడ ఆకులు చింపి పిల్లలకు టికెట్లిస్తున్నారు.”

“చింపిన చేతులే గదా, నిర్మలా.”

ఆమె గతుక్కుమంది. ఆ మాట ఆమెదే. ఆ రోజు వియ్యాలవారి ముందు, ఆయన కల్యాణమండపం గురించి ఏదో సలహా చెప్పబోతే, ‘ఆయన మాటలకేమండీ, బస్సు టికెట్లు చింపిన చేతులు, ఇట్లాంటివి ఆయనకు తెలియవు. నాతో మాట్లాడండి’ అని నవ్వింది. వచ్చినవాళ్ళు నవ్వలేదు. అప్పుడది గమనించలేదు నిర్మలమ్మ.

“దానికా ఇంత రాద్ధాంతం?” అంది. “అందులో అబద్ధమేముంది? మీరు కండక్టరుగా చేరలేదా?”

“చేరినాను.”

“టికెట్లు చింపలేదా?”

“చింపినాను.”

“మరి?”

“నువ్వు అబద్ధం చెప్పినావని నేను అన్లేదే,” అన్నాడు వెంకటరమణ, నేలమీద పుల్లతో ఏదో గీస్తూ. “నిజమే చెప్పినావు. చెప్పేటప్పుడు ఒక నవ్వు నవ్వినావు. ఇంట్లో దినామూ చూసిన నవ్వే. నాకొక్కడికి అయితే సరిపెట్టుకునుందును. ఆ పొద్దు పిల్ల పక్కన నిలబడి ఉండె. అది నా మొహం చూసింది.”

మహిత మొహం పక్కకు తిప్పుకుంది.

దామోదరం మజ్జిగ గ్లాసులతో వచ్చాడు. గాలి ఎట్లా ఉందో కనిపెట్టి, గ్లాసులు మొద్దు మీద పెట్టి, మళ్ళీ వెళ్ళిపోయాడు. గ్లాసు మీద ఈగ వాలింది. నిర్మలమ్మ దాన్ని చూసింది గానీ తోలలేదు.

“సరే,” అంది గొంతు తగ్గించి. “మీ రోషం మీకు గొప్ప. నా బతుకు సంగతి ఆలోచించారా? ఆ వియ్యపురాలు వరదమ్మ దినామూ ఫోను చేస్తోంది. ‘అన్నయ్య కనబడడేం వదినా’ అని. మీ అక్కకు బాగలేదని, వేలూరు ఆస్పత్రిలో తోడున్నారని చెప్పి నెట్టుకొస్తున్నాను. కడుపులో రాళ్ళని చెప్పాను. ఆపరేషనైందని చెప్పాను. మొన్న రాత్రి కుట్లు విప్పడం గురించి అడిగితే, చీము పట్టిందని, ఇంకా నాలుగు రోజులు పడుతుందని చెప్పాను. నిక్షేపంలాంటి మనిషి మీద ఇన్ని అబద్ధాలు! మీ వల్ల! వాళ్ళకు ఈ గుడారాల సంగతి తెలిస్తే, పిల్లనిచ్చేవాళ్ళ ఇంట్లో మగదిక్కు ఏ తోపులో ఉందో తెలిస్తే…”

ఆమె ఆగింది. తండ్రీకూతుళ్ళు ఒకరినొకరు చూసుకున్న తీరు ఆమెకు నచ్చలేదు.

“ఏంటి?” అంది. “ఏంటా చూపులు?”

వెంకటరమణ పుల్ల పక్కన పడేశాడు.

“వాళ్ళకు తెలుసు నిర్మలా.”

“ఏం తెలుసు?”

“నేను ఈడ ఉన్నట్టు తెలుసు. నేనే చెప్పినాను. వచ్చిన కొత్తల్లోనే కార్వేటినగరం పోయి ఫోను చేసినా. పిల్లనిచ్చేది మనం. మొదలే దాపరికంతో వద్దనిపించింది. ఇంట్లో మాటా మాటా వచ్చింది, కొన్నాళ్ళు ఈడ ఉంటా, పిల్లలో ఏ లోపమూ లేదు, అని చెప్పినా. పోయిన ఆదివారం మొగుడూ పెండ్లాం ఇద్దరూ వచ్చినారు. ఆ కొట్టంలోనే కూసోని సంగటి తినిపోయినారు.”

మజ్జిగ మీది ఈగ లేచి పోయింది.

నిర్మలమ్మ కుర్చీ వీపు పట్టుకుంది. పోయిన ఆదివారం. ఆపరేషన్ సంగతి ఆమె చెప్పింది ఆ మర్నాడు, సోమవారం. వరదమ్మ ఎంత నెమ్మదిగా విన్నది! ‘అయ్యో పాపం, ఎవరు చేసినారు వదినా, పెద్ద డాక్టరేనా? జావ తాగుతోందా? కుట్లు ఎప్పుడు విప్పుతారంట?’ ఒక్కొక్క ప్రశ్నా తీరిగ్గా, పాఠం రాని పిల్లను నిలబెట్టి అడిగినట్టు అడిగింది. ఈమె ఒక్కొక్క జవాబూ తడుముకోకుండా చెప్పింది. అవతల ఆ మనిషి నవ్వు ఆపుకోవడానికి నోటికి చెంగు అడ్డం పెట్టుకుని ఉంటుంది.

చదువు లేని మనిషి. పదో తరగతి కూడా దాటలేదు. సంతకం కూడా వంకరగా పెడుతుందని మొదటి రోజే చూసి, మనసులో ఒక గీత కింద పెట్టేసింది ఆమెను నిర్మలమ్మ.

“నీకు తెలుసా?” అని కూతురివైపు తిరిగింది.

“తెలుసు.”

“నేను ఫోనులో మాట్లాడుతుంటే పక్కనే కూచుని వింటివి కదే.”

“చెప్పబోయినా. చేత్తో ఆపినావు. ఎప్పుడూ అంతేగా.”

నిర్మలమ్మ చెంపదెబ్బ తిన్నట్టు చూసింది. తర్వాత మొగుడి వైపు తిరిగింది. “ఏమన్నారు వాళ్ళు?”

“చెడ్డగా ఏమీ అన్లేదు. ఆయన మెల్లగా చెప్పినాడు. ‘బావా, తాంబూలాలు పిల్ల తండ్రి చేతి నుంచి తీసుకుంటాం. మీరు ఇంట్లో ఉంటే ఇంటికొస్తాం. ఈడ ఉంటే ఈడికొస్తాం. మాకు మీరు ముఖ్యం’ అన్నాడు.”

“ఈడికా?” అని అరిచింది నిర్మలమ్మ. బడిలో ఎవరైనా ఆ మాట వాడితే ‘ఇక్కడికి’ అని దిద్దించే మనిషి. “ఈ బాతుల తొట్టి దగ్గరికా? నా స్టాఫంతా వస్తారు. ఆఫీసు నుంచి పెద్దవాళ్ళొస్తారు. వాళ్ళను ఆ రేకు గేటులోంచి తీసుకొచ్చి ఎక్కడ కూచోబెట్టమంటారు, ఆ మొద్దు మీదా?”

కొట్టం వెనకనుంచి దామోదరం తల బయటికి పెట్టాడు. “అమ్మా, షామియానాకు మీరు కొంచం కూడా దిగులు పడొద్దు. మనదే! కొత్తది తీయిస్తా. కుర్చీలూ…”

“మీరు నోరు మూసుకోండి!”

తల వెనక్కి పోయింది.

మహిత తల్లి ముందుకొచ్చి నిలబడింది. ఇంటి నుంచి బయలుదేరిన తర్వాత ఆమె తల్లి కళ్ళలోకి చూడటం అదే మొదలు.

“అమ్మా, ఇంత దూరం వచ్చినావు. వచ్చినప్పటి నుంచీ గుడ్డ బాగలేదంటివి, నీళ్ళు బాగలేవంటివి, బోర్డు తప్పంటివి. బ్యాగు సర్దుకోమంటివి. నాయన్ను ఇంటికి రమ్మని ఒక్క మాటన్నావా?”

“బ్యాగు సర్దుకోమంటే ఏమిటర్థం?”

“అది పిలిచినట్టు కాదు. అటెండరుకు చెప్పినట్టు ఉండాది.”

వెంకటరమణ కూతురిని వారించలేదు. భార్యను చూస్తూ ఊరకే కూచున్నాడు. ఆయన కళ్ళలో కోపం లేదు. కోపమే ఉంటే నిర్మలమ్మకు పని సులువయ్యేది. అక్కడ ఉన్నది ఎదురుచూపు. ఒక్క మాట పడితే లేచి రావడానికి మోకాళ్ళ మీద చేతులు కూడా ఆనించుకున్నాడు ఆయన.

అది ఆమెకు తెలిసింది. తెలిసినకొద్దీ కుర్చీ వీపును మరింత గట్టిగా పట్టుకుంది.

“మీరు…” అంది.

వెంకటరమణ తల ఎత్తాడు.

“మీరు…”

సరిగ్గా అప్పుడే స్టీరింగు పళ్ళెం పట్టుకున్న అమ్మాయికి ఓపిక అయిపోయింది. “కండక్టర్ సార్! వండి కిళంబుదు! సీక్రం వాంగ!” అని, బండి కదులుతోంది తొందరగా రమ్మని, అరవంలో అరిచింది. మిగతా పిల్లలు మొద్దు మీదికెక్కి చేతులతో దరువేశారు. వెంకటరమణ చూపు ఒక్క క్షణం, ఒక్కటే క్షణం, అటు పోయింది. పెదవి చివర చిన్న నవ్వు కదిలింది.

నిర్మలమ్మ దవడ బిగిసింది.

“పిలుస్తున్నారు, వెళ్ళండి,” అంది. “మీ బస్సు పోతుంది.”

మోకాళ్ళ మీది చేతులు జారిపోయాయి. వెంకటరమణ తువ్వాలు మళ్ళీ తలకు చుట్టుకోవడం మొదలుపెట్టాడు.

“మహితా, పద.”

“నేను రానమ్మా.”

“ఏమన్నావు?”

“ఆదివారం దాకా నాయన దగ్గరే ఉంటా. నాయన యాడుంటే ఆడే నా తాంబూలాలు. నువ్వొస్తే నీ కాళ్ళకు మొక్కుతా. రాకుంటే…” ఆమె తండ్రి పక్కకు జరిగి నిలబడింది. “రాకుంటే, వరదమ్మత్త అడిగితే, ఆస్పత్రిలో ఉండావని మాత్రం చెప్పను.”

నిర్మలమ్మ చెయ్యి లేచింది. గాల్లోనే ఆగి, చెంగు సర్దుకున్నట్టు భుజం మీదికి దిగింది. వెనక్కి తిరిగింది. నులకమంచాల పక్కనుంచి, బాతుల తొట్టి పక్కనుంచి, తలకిందుల అక్షరాల గుడ్డ కిందినుంచి, తల నిటారుగా పెట్టుకుని నడిచింది. వెనకనుంచి ఎవరో ఒకరు పిలుస్తారని చెవులు అటే పెట్టింది. ఎవరూ పిలవలేదు. పిల్లల దరువు మాత్రం మళ్ళీ మొదలైంది. ఆ దరువులో ‘రైట్ రైట్’ అన్న గొంతు వినబడలేదు.

కారు తలుపు మునికుమార్ తీసి పట్టుకున్నాడు. “పాప రాలేదామ్మా?”

“బండి పోనీ.”

మట్టిదారంతా ఆమె కళ్ళద్దాల మీది దుమ్ము తుడుస్తూనే ఉంది. తుడిచినకొద్దీ అద్దాలు మసకేస్తున్నాయి. కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

కారు తారురోడ్డు ఎక్కేచోట మునికుమార్ వేగం తగ్గించి, ఎడమకు, పుత్తూరు వైపు, తిప్పబోయాడు.

“అటు కాదు,” అంది నిర్మలమ్మ.

“తిరుపతికి ఇట్లే గదమ్మా?”

“తిరుపతికి ఎవరు పొమ్మన్నారు? చిత్తూరికి పోనీ.”

మునికుమార్ అద్దంలోంచి వెనక సీటు వైపు చూశాడు. మేడమ్ మొహం ఎర్రగా ఉంది. మాట మాత్రం బడిలో ప్రార్థన చదివించేటప్పటిలాగే గట్టిగా, తడబాటు లేకుండా ఉంది.

“చిత్తూరులో ఎవరింటికమ్మా?”

“వరదమ్మ ఇంటికి. ఆదివారం తాంబూలాలు ఎక్కడ మార్చుకోవాలో, అసలు మార్చుకోవాలో వద్దో, ఆ మనిషి మొహమ్మీదే అడిగి తేల్చుకుంటాను.”

కారు కుడివైపుకు తిరిగింది.